పొదలో మెకానిక్

ఫ్రిజ్ మెకానిక్ ఆదివారం పొద్దున్నే, బనీను మీదే, కంప్యూటర్లో ఒంటరిగా యుద్ధానికి దిగుతాడు. ఎక్కడెక్కడివాళ్ళో శత్రువులుగా ఆడే ఆ ఆటలో దొరికిన సామాను సంచిలో వేసుకుని ప్రాణాలతో గేటు దాటాలి. చస్తే అంతా పోయినట్టే. అందుకే ఆయన తుపాకీ పేల్చడు, పొదల్లో నక్కుతాడు. తెర మీద మనిషి వంగితే కుర్చీలో తనూ బొజ్జ నొక్కుకుని వంగుతాడు. ఆమధ్య ఓ ఆదివారం సంచి నిండింది, గేటు ఎదురుగానే ఉంది, ఇంతలో పక్కనే ఎవడివో అడుగుల చప్పుడు. ఊపిరి బిగబట్టాడు గానీ, పక్కనున్న శత్రువుకు ఇంట్లో మాటలు వినిపించే మైకు ఆపడం మరిచాడు.

"ఇంకా ఆ పొదలోనే ఉన్నావా? నీళ్ళు కాగి చల్లారాయి కూడా. స్నానం ఎప్పుడు చేసి ఏడుస్తావయ్యా?" అని అరిచింది భార్య.

అడుగులు ఆగాయి. పొదకు గురిపెట్టినవాడు పకపకా నవ్వాడు. "నేను చంపేదేముంది, వదినే చంపేట్టుంది. పో అన్నా!"

మెకానిక్ సంచితో సహా గేటు దాటేశాడు. ఇప్పుడు ప్రతి ఆదివారం మైకు పనిచేస్తోందో లేదో సరిచూసుకుని, "కాస్త పక్కన కూర్చుని తిట్టవే," అని భార్యను బతిమాలుతున్నాడు.