440 నంబరు గాజుబిళ్ల

1964 ఏప్రిల్లో నన్ను నూజివీడులోని మట్టి, నీటి పరీక్షల లాబొరేటరీకి జూనియర్ ఎనలిస్టుగా వేశారు. నెల తిరక్కుండానే సీనియర్ కెమిస్టుగారు జబ్బుచేసి సెలవు పెట్టడంతో రిపోర్టుల మీద సంతకం పెట్టే పని నా మెడకు చుట్టుకుంది.

మే నెలలో రెడ్డిగూడెం వైపు ఒక మామిడితోట నుంచి వీరమ్మ అనే కూలిమనిషి సీసాడు బావినీళ్లు తెచ్చింది. చెట్లకు మైలుతుత్తం, సున్నం కలిపిన మందు కొట్టి డ్రమ్ములు బావిగట్టున కడిగారట. మర్నాడు ఇద్దరు పిల్లలకు వాంతులయ్యాయి. తోట యజమాని బావికి ముళ్లకంప వేయించి, మా రిపోర్టు వచ్చేదాకా తోడవద్దన్నాడు. తోటలోని కూలీల పాకల్లో వాళ్లంతా మైలున్నర అవతల నుంచి నీళ్లు మోస్తున్నారు.

మైలుతుత్తంలో ఉండేది రాగి. నీళ్లలో ఒక రసాయనం కలిపితే, రాగి ఉన్నప్పుడు పసుపురంగు వస్తుంది. ఆ రంగు చిక్కదనాన్ని కలరీమీటరుతో కొలుస్తాం. అందులో తగిన ఫిల్టరు, అంటే రంగు గాజుబిళ్ల, పెట్టాలి. అది ఏ అలపొడవు వెలుగును పంపుతుందో బిళ్ల అంచున రాసి ఉంటుంది. మా బిళ్ల మీద 440 మిల్లీమైక్రాన్లు అని ఉంది. సరిగ్గా ఆ వారమే హెడ్డాఫీసు నుంచి వచ్చిన కొత్త కాగితంలో 440 నానోమీటర్ల ఫిల్టరు వాడాలని, ఆ సంగతి రిపోర్టులో రాయాలని ఉంది.

మైక్రానులో వెయ్యోవంతు మిల్లీమైక్రాను. మీటరులో వందకోట్లవంతు నానోమీటరు. ఆ సాయంత్రమే లెక్కవేసి చూశాను, రెండూ ఒకటే. అయినా చెయ్యి ఆడలేదు. అంతకుముందు ఏడాది వేరే లాబొరేటరీలో ఉన్నప్పుడు ఆంగ్‌స్ట్రాములని రాయాల్సినచోట మిల్లీమైక్రాన్లని రాసి, పదింతల తప్పుకు మెమో తిన్నవాణ్ణి. ఇంకో మెమో వస్తే ఉద్యోగం పర్మినెంటు కాదు. సీసాలో ఆమ్లం చుక్కలు వేసి భద్రపరిచి, వివరణ కోరుతూ ఉత్తరం రాశాను. ఇక కుదురు లేదు. పోస్టుమాన్ కోసం వరండాలో పచార్లు, లోపలికొచ్చి బిళ్లల పెట్టె తెరవడం, మళ్లీ మూయడం.

మార్కెట్టుకు కాయలు తెచ్చే బండి ఎక్కి వీరమ్మ రోజు విడిచి రోజు వచ్చేది. ఇంకా కాలేదని పంపేసేవాణ్ణి. ఎనిమిదో రోజు కుంటుతూ వచ్చింది. బిందెతో పడిందట, మడమకు గుడ్డ కట్టుకుంది.

“ఏంటి బాబుగారూ, అంత పెద్ద లెక్కా అండీ అది?” అని అడిగింది.

వెంట్రుక మందాన్ని డెబ్బై ఎనభై వేల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కంత ఉండే కొలత గురించి సందేహమని చెప్పాను. ఆమె కోప్పడలేదు.

“అంత చిన్నదానికాండీ మమ్మల్ని మైలున్నర నడిపిస్తున్నారు?” అంది.

సిగ్గేసింది. ఆమెను బల్ల మీద కూర్చోబెట్టి అప్పుడే పరీక్ష మొదలుపెట్టాను. రసాయనం కలిపాక గొట్టంలో నీళ్లు రంగు మారలేదు. నియమం ప్రకారం కలరీమీటరులోనూ చూశాను, రాగి జాడ లేదు. పిల్లల వాంతులకు కారణం వేరే ఏదో అయి ఉంటుంది. మొత్తం అరగంట పట్టింది. ‘440 నానోమీటర్లు’ అని రాసి సంతకం పెట్టి కాగితం ఆమె చేతికిచ్చాను.

హెడ్డాఫీసు జవాబు మరో వారానికి వచ్చింది. రెండూ ఒకటేనని ఒక్క వాక్యం. మెమో రాలేదు.

తనకు తెలిసిన సంగతిని పైవాళ్ల చేత చెప్పించుకోవాలని చూసే ఉద్యోగికి ఆ ఆలస్యం బరువు తెలియదు, దాన్ని మోసేది వేరేవాళ్లు. ఆ నీళ్లకు కలరీమీటరు కూడా అవసరం లేకపోయింది. మొదటిరోజే రసాయనం కలిపి ఉంటే, రంగు రాలేదన్న సంగతి వీరమ్మ కంటికే కనిపించేది.