గోడకూ బంపర్‌కూ మధ్య

ఆరో తరగతి దాకా ఎంత తోసినా నా బుర్ర స్టార్ట్ కాలేదు. విసిగిపోయి బాపు నన్ను హుస్నాబాద్‌లో ఒక లారీల షెడ్డులో వదిలేశాడు.

అక్కడి ఉస్తాద్‌ది ఒకటే పద్ధతి. బ్రేకులు ఎవరు బిగిస్తే వాళ్లే గోడకు ఆనుకుని నిలబడాలి. ఆయన లారీ ఎక్కి, సరాసరి మన మీదికే తోలి, మోకాళ్ల ముందు ఆపుతాడు. "కండ్లు మూసినవంటే మళ్ల మొదటిసంది," అని కిటికీలోంచి నవ్వేవాడు. నా వంతు వచ్చినప్పుడల్లా ప్యాంటు తడవకుండా చూసుకోవడమే నాకు పెద్ద పని.

ఏళ్ల తర్వాత కంకర మోసే పాత టిప్పర్ ఒకటి వచ్చింది. వెనక యాక్సిల్ మార్చి, బ్రేకులు కూడా ఆయనే బిగించాడు. అందరి ముందే అడిగేశాను.

"ఉస్తాద్, ఇయ్యాల గా గోడ కాడ నువ్వు నిలవడు. నేను తోల్త."

ఆయన బీడీ ముట్టించుకుని వెళ్లి నిలబడ్డాడు. ఇన్నాళ్ల కసి కొద్దీ బ్రేకు ఆలస్యంగా తొక్కాను. బండి ఆయన పొట్టకు జానెడు దూరంలో ఆగింది. ఆయన రెప్ప కూడా వేయలేదు. వణుకుతూ దిగింది నేనే.

"భయం గాలేదా ఉస్తాద్?"

"నేనేసిన బ్రేకులకు నాకేం భయంరా? నువ్వేసిననాడైతే, స్టీరింగ్ ముందట కూసున్న నాకే పానం గజగజ అంటుండె."