పసుపు సంచి మీద చీటీ

2022లో నేను పుట్టపర్తి దగ్గర ఒక సర్కారు ఆసుపత్రిలో, కాన్పుల వార్డులో నర్సును. ఆ ఏడే మాది కొత్త జిల్లా అయింది. మా వార్డుకు మాత్రం ఎండలూ, కాన్పులూ, తిరగని ఫ్యాన్లూ పాతవే.

కాన్పయ్యాక బిడ్డ వెంట వచ్చే మాయను పసుపు సంచిలో వేసి, మూతి బిగించి, బయోహజార్డ్ లేబుల్ అంటించాలి. ఇందులో రక్తముంది, వట్టి చేతులతో ముట్టొద్దని చెప్పే గుర్తు అది. ఆ సంచి బండిలో వెళ్లి ఇన్సినరేటర్ అనే పెద్ద కొలిమిలో కాలిపోతుంది.

ఆ రోజు ధర్మవరం మగ్గాల ఇంటి కోడలికి ఆడపిల్ల పుట్టింది. నేను లేబుల్ తీయగానే ఆమె అత్త లక్ష్మమ్మవ్వ అడ్డం నిలబడింది.

"మాయ మాకియ్యమ్మా. ఇంటికాడ పూడ్చుకోవల్ల."

"కుదరదవ్వా."

"ఆ చీటీలో ఏముండాది?"

"అపాయమని ఉండాది."

"నా మనవరాలితో పుట్టినదానికి అపాయమని అంటిస్తావా? నీ నోట్లో మన్నుబడ!"

నాకూ కోపం ముక్కుమీదే ఉంటుంది. నాలుగు మాటలు అనబోయాను. ఇంతలో అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"పోయిన కాన్పు ఇంట్లోనే అయింది. మాయను లోతుగా పూడ్చలేదు, కుక్కలు తవ్వినాయి. పిల్లోడు నెల తిరక్కుండానే పోయినాడు. దీన్ని కూడా పోగొట్టుకునే ఓపిక నాకు లేదు తల్లీ."

నా కోపం ఎటు పోయిందో! అది వేరు, ఇది వేరని వాదించడానికి మనసొప్పలేదు. ఆమెను బల్ల మీద కూర్చోబెట్టాను.

"అపాయం పాపకు కాదవ్వా, సంచి మోసే మా ఓబులేసుకు. చీటీ లేకుంటే మామూలు చెత్త అనుకుని వట్టి చేతుల్తో ఎత్తుతాడు, బయట కుప్పలో వేస్తాడు. అప్పుడే కుక్కలొచ్చేది. చీటీ ఉంటే నేరుగా నిప్పులోకే."

"కుక్క ముట్టదా?"

"ముట్టదు."

అవ్వ కొంగుముడి విప్పి చిటికెడు పసుపు తీసింది. కొత్త గ్లవ్స్ తొడుక్కుని, దాన్ని నా చేతిలో వేయించుకుని నేనే సంచిలో చల్లాను. మూతి బిగించి ఆమె ఎదుటే లేబుల్ అంటించాను. ఓబులేసు వెంట ఆమె, బండి వచ్చేదాకా సంచులుంచే స్టోర్ గదిదాకా నడిచింది. తాళం పడేదాకా కదల్లేదు.

అప్పటినుంచి, ఆ చీటీ ఎవరి కోసమో ఇంటివాళ్లకు చెప్పకుండా ఏ సంచికీ అంటించలేదు.

వాళ్లు ఇంటికి వెళ్లే రోజు, కొత్తగా వచ్చిన సిస్టరొకామె వేరే కాన్పు సంచిని లేబుల్ లేకుండానే గుమ్మం దగ్గర పెట్టింది. లక్ష్మమ్మవ్వ పాపను ఒళ్లో పెట్టుకునే కేకేసింది.

"ఏమ్మా, ఓబులేసువి చేతులు కావా? చీటీ యాడ?"