మా ఇంట్లో ఎవరూ చావలేదు

నేను ఫోన్‌లో వినే బ్లూస్ గాయని ఎప్పుడో చనిపోయింది. అమెరికాలో నల్లజాతి ఆవిడ. బ్లూస్ అంటే వాళ్ల కష్టాల పాటలు. పగలంతా ఎవరి ఇళ్లలోనో బట్టలుతికి సాయంత్రం పాడేదట. భర్త వదిలేశాడు, బిడ్డ దక్కలేదు. ఏడవడానికి తీరిక లేక అదంతా పాటలోనే ఏడ్చింది. ఆ ఇంగ్లిష్ నాకు సగమే అర్థమవుతుంది. అయినా రెండేళ్ల కింద, కాన్పులో నా బిడ్డ పోయాక, నన్ను మంచం మీంచి లేపింది ఆ గొంతే.

అందుకే ఆమెలా పాడాలనుకున్నాను, తెలుగులో, నా మాటలతో. స్టేజీ ఎక్కాలని కాదు, నా వంటింట్లో గిన్నెలు తోముకుంటూ. మా కాశిబుగ్గలో అది కూడా కుదరదని నాకేం తెలుసు?

మొదటిరోజు నాలుగు ముక్కలు పాడానో లేదో, ఎదురింటి అక్క తడిచేతులతో పరుగెత్తుకొచ్చింది. “ఎవలు పోయిన్రు?” అంది. ఎవరూ పోలేదు, పాడుతున్నానన్నాను. నమ్మలేదు. లోపలికెళ్లి, నిద్రపోతున్న మామయ్యను తట్టి లేపి చూసి మరీ వెళ్లింది.

మా వైపు చావింట్లో ఆడవాళ్లు రాగం తీసి, పోయినవాళ్ల మంచీ తమ కష్టమూ చెప్పుకుంటూ ఏడుస్తారు. శోకం పెట్టడం అంటారు. చావు లేని ఇంట్లో శోకం పెడితే చావును పిలిచినట్టేనట. అత్తమ్మ ఆ సాయంత్రం ఇల్లంతా కడిగించింది, నాతోనే.

“పాడితే సిన్మా పాట పాడు. మంచిగున్న ఇంట్ల గిట్ల శోకం పెడ్తరా బిడ్డా?”

ఇది శోకం కాదని ఫోన్‌లో ఆవిడ పాట పెట్టాను. అత్తమ్మ చివరిదాకా విని, “పాపం, ఈమెకు ఎవలు సచ్చిపోయిన్రు?” అంది. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఆ తర్వాత నోరెత్తితే చాలు, వంటింటి గుమ్మంలో నిలబడేది. పాడడం మానేశాను.

పోయిన నెల స్టేషన్ ఘన్‌పూర్‌లో అత్తమ్మ వాళ్ల అక్క చనిపోయింది. అత్తమ్మ శవం కాళ్ల దగ్గర కూర్చుని రాగం తీసింది. ఆ గొంతు జారడం, విరగడం, నేను రెండేళ్లుగా ఫోన్‌లో వింటున్నవే. ఒళ్లు మండిపోయింది. ఇంత గొంతు పెట్టుకుని నా నోరు మూయించిందా? లేచి బయటికి పోబోతుంటే వినబడింది:

“మొఖం సూడని నా మనుమరాలు ఆడ్నే ఉన్నదక్కా, జర ఎత్తుకో అక్కా.”

రెండేళ్లలో ఆ బిడ్డ ఊసు నా దగ్గర ఒక్కసారీ ఎత్తలేదు ఈ మనిషి. ఆ ఒక్క మాట చెప్పడానికి ఇంకో చావు కావలసి వచ్చిందా అని గట్టిగా అరవాలనిపించింది. వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. నా బిడ్డకు ఏం పాడాలనుకున్నానో అదంతా పాడాను. అత్తమ్మ ఆపలేదు. తన రాగం తగ్గించి నాకు చోటిచ్చింది.