రామక్క పెయ్య

పుంగనూరు బస్టాండు నుంచి మదనపల్లె రోడ్డు పట్టుకుని కాస్త ముందుకు నడిస్తే మునిచంద్ర దాణా అంగడి వస్తుంది. తవుడు, గానుగ చెక్క, కోళ్లమేత, కుక్కలకు పెట్టే బిస్కెట్లు, పలుపుతాళ్లు, గంటలు అన్నీ అక్కడ దొరుకుతాయి. అయితే అంగడికి వచ్చేవాళ్లలో సగం మంది ఏమీ కొనరు. పిల్లి రెండు రోజులుగా ఇంటికి రాలేదని ఒకరు, చిలక ఎగిరిపోయిందని ఇంకొకరు, కుక్క గొలుసు తెంపుకుని పోయిందని మరొకరు ఏడుపు ముఖాలతో వచ్చి నిలబడతారు. మునిచంద్ర తక్కెడ పక్కన పెట్టి అందరి గోడూ వింటాడు. బేరం చెడిపోతోందని భార్య కమలాక్షి లోపలి నుంచి గొణుగుతుంది. ఆ గొణుగుడు కూడా అతను వింటాడు గానీ ఖాతరు చేయడు.

ఆరేళ్ల కింద అతని సొంత కుక్కే తప్పిపోయింది. గంగవరంలో ఒక టీకొట్టు ఆయన దాన్ని పదకొండు రోజులు సాకి, అతను వెతుక్కుంటూ వెళ్లేదాకా ఉంచాడు. ఆ రుణం తీర్చుకోవాలని మునిచంద్ర ఫోనులో ‘తప్పిపోయిన జీవాలు’ అని ఒక గ్రూపు పెట్టాడు. మదనపల్లె నుంచి కుప్పం దాకా వెయ్యికి దగ్గర దగ్గర మంది అందులో చేరారు.

ఆ పనిలో అతనికొక పద్ధతి ఉంది. దొరికిన జంతువు ఫోటో పెడతాడు గానీ ఒక గుర్తు మాత్రం దాచేస్తాడు. నాది అని వచ్చినవాళ్లు ఆ గుర్తు చెప్పాలి. చెబితే ఎంత బీదవాడికైనా అప్పగిస్తాడు, చెప్పకపోతే ఎంత గొప్పవాడినైనా పంపించేస్తాడు. ఒకసారి తెల్ల బొచ్చుకుక్క కోసం రెండు కుటుంబాలు కొట్లాటకు దిగితే, ముందరి కాలికి ఆరో వేలుందని చెప్పిన ఆడపిల్ల చేతిలో కుక్కను పెట్టాడట. ఈ కథ అతను చెప్పగా విననివాళ్లు పుంగనూరులో తక్కువ.

ఇప్పుడు మాత్రం చెప్పడు. ఎవరైనా పొగిడితే ముఖం తిప్పుకుని, అప్పటికప్పుడు ఏదో మూట సర్దుతాడు. ఎంత అణకువ అని జనం ముచ్చట పడతారు. అణకువా పాడా, అది సిగ్గు. ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను.

పోయిన ఏడాది ఉగాది దాటిన వారానికి, పొద్దున్నే అంగడి తలుపు తీసేసరికి ఒక తెల్ల పెయ్య తవుడు బస్తాలో మూతి పెట్టి తింటూ ఉంది. అచ్చమైన పుంగనూరు జాతి. ఈడుకు వచ్చినదే అయినా నడుము ఎత్తు దాటలేదు. మెడలో తెగిన తాడు వేలాడుతోంది. మునిచంద్ర దాన్ని పెరట్లో కట్టేసి, నిమిరి, గుర్తుల కోసం ఒళ్లంతా చూశాడు. తల పైకెత్తితే, గంగడోలు మడతలో చింతగింజంత నల్లమచ్చ కనబడింది. తల దించితే కనబడదు. దాచడానికి ఇంతకన్నా మంచి గుర్తు దొరకదని సంబరపడి, తల దించుకున్న ఫోటోనే గ్రూపులో పెట్టాడు.

మధ్యాహ్నానికల్లా మదనపల్లె నుంచి దీపిక అనే ఆవిడ ఫోను చేసింది. వాళ్లు నెల కింద ముచ్చటపడి కొనుక్కున్న పెయ్య, గేటు తీసి ఉంటే వారం కింద ఎటో వెళ్లిపోయిందట. ఫోటో పంపింది. అదే తెలుపు, అవే మొలక కొమ్ములు. మునిచంద్ర మచ్చ సంగతి అడగాలి. అడగలేదు. ఇన్నాళ్లూ కుక్కలూ పిల్లులే. ఇప్పుడు సాక్షాత్తూ పుంగనూరు ఆవునే పుంగనూరులో పట్టి ఇచ్చానన్న పేరు కళ్ల ముందు ఆడింది. ‘యజమానులు దొరికారు, రేపు పొద్దున అప్పగింత’ అని వెంటనే గ్రూపులో రాసేశాడు. ఇక చూడాలి, దండాలు, పూలు, చప్పట్లు. సాయంత్రానికి రెండు వందల మంది మెచ్చుకున్నారు. అన్నం తింటూ కూడా ఎడమచేత్తో ఫోను చూసుకుంటూనే ఉన్నాడు.

మరునాడు దీపికా, ఆమె భర్తా కారులో వచ్చారు. పెయ్యకు పూలదండ, మునిచంద్రకు శాలువా తెచ్చారు. వాళ్లకు కుర్చీలు వేసి, టీ తెప్పించాడు. ఇరుగుపొరుగు అంగళ్లవాళ్లు కూడా చేరారు. సరిగ్గా అప్పుడు రామక్క వచ్చింది.

అరవై దాటిన మనిషి. నలిగిన చీర, దుమ్ము కొట్టుకుపోయిన కాళ్లు, చేతిలో ఒక గుడ్డ సంచి. గుడుపల్లె అవతలి పల్లె నుంచి వచ్చానని చెప్పింది. పెయ్యను సొంత జాతి కోడెకే కట్టించాలని బండి మాట్లాడుకుని పుంగనూరు వైపు తెచ్చిందట. దారిలో బండి ఆపినచోట పెళ్లివాళ్లు టపాకాయలు కాల్చేసరికి పెయ్య బెదిరి, తాడు తెంపుకుని పరిగెత్తింది. మూడు రోజులుగా వీధి వీధీ అడుగుతూ తిరిగితే ఎవరో ఈ అంగడి చూపించారు.

ఫోటో ఉందా అని అడిగాడు మునిచంద్ర. గొడ్డుకు ఫోటో తీస్తే దిష్టి తగులుతుందని తామెప్పుడూ తీయలేదని ఆమె చెప్పింది. ఆ మాట అతనికి కొత్తది కాదు. పాలిచ్చే ఆవు వైపు ఎవరైనా ఫోను ఎత్తితే అతని తల్లి చెంగు అడ్డం పెట్టేది. అంతా తెలిసీ, కారులో వచ్చినవాళ్ల వైపు తిరిగి, ‘దిష్టంట’ అని నవ్వాడు. వాళ్లు నవ్వలేదు.

అయితే గుర్తేమిటో చెప్పమన్నాడు.

“గంగడోలు మడతలో సింతగింజంత నల్లమచ్చ ఉండాది” అంది రామక్క. “ఇది పుట్టినప్పుడే తల్లి సచ్చిపోయినాది. నేనే రాగిగంజి పోసి సాకినా. తలెత్తి తాగేటప్పుడల్లా సూసిన మచ్చప్పా అది.”

ఆమె గొంతు వినబడగానే పెరట్లో నుంచి పెయ్య అరిచింది. ఒకసారి కాదు, తాడు గుంజుకుంటూ మళ్లీ మళ్లీ అరిచింది. దీపిక టీ గ్లాసు కింద పెట్టింది.

“ఆమెను ఒకసారి చూడనివ్వండి అంకుల్. మా దానికి మచ్చ ఉందో లేదో నిజంగా నాకు తెలీదు.”

పద్ధతి ప్రకారమైతే పని అక్కడితో అయిపోయింది. గుర్తు అడిగాడు, ఆమె చెప్పింది. లేచి పెరటి తలుపు తీస్తే చాలు. కానీ గ్రూపులో రాసేసిన మాట? రెండు వందల మంది మెచ్చుకోలు? శాలువా? చుట్టూ చేరినవాళ్ల ముందు ‘తొందరపడ్డాను’ అనడానికి అతనికి నోరు రాలేదు. వేరే మాట వచ్చింది.

“పొద్దున సందులోంచి పెరట్లోకి తొంగి సూసినావా? ఇట్లాంటి యేషాలు శానా సూసినాను. పోమ్మా.”

రామక్క గొడవ పడలేదు. “నన్ను దొంగనుకుంటా ఉండావా అప్పా” అని మాత్రం అడిగింది. అతను తక్కెడ గిన్నెలు తుడుస్తూ కూర్చున్నాడు. అంగళ్లవాళ్లలో ఒకడు నవ్వాడు. కమలాక్షి చెంబుతో నీళ్లు తెచ్చి, ముసలమ్మను మెట్టు మీద కూర్చోబెట్టి, ఏ ఊరని అడిగి, తాగించి పంపింది. పెయ్యను కారు వెనకే వచ్చిన బండిలోకి ఎక్కించడానికి నలుగురు పట్టాల్సి వచ్చింది. బెదురు గొడ్డు అని మునిచంద్ర అందరికీ సర్దిచెప్పాడు. శాలువా కప్పించుకున్నాడు.

నాలుగు రోజులకు దీపిక ఫోను చేసింది. గంగవరం దగ్గర ఒక రైతు మందలో వాళ్ల పెయ్య దొరికింది, మెడలో వాళ్లు కట్టిన గంట అలాగే ఉంది. అతను అప్పగించిన పెయ్య ఈ నాలుగు రోజులుగా మేత ముట్టడం లేదట.

“మనం ఆమెను అనుమానించాం అంకుల్” అంది.

మనం అనడం ఆవిడ మర్యాద. చూడనివ్వమన్నది ఆవిడ, అనుమానించింది తను. మునిచంద్రకు తల కొట్టేసినట్టయింది. అంగడికి వచ్చిన ప్రతివాళ్ల పేరూ ఊరూ నంబరూ రాసుకునేవాడు, రామక్కది రాసుకోలేదు. దొంగ పేరు ఎవరైనా రాసుకుంటారా? కమలాక్షిని అడగడానికి అతనికి ముఖం చెల్లలేదు. సాయంత్రం దాకా నసిగి నసిగి చివరికి అడిగాడు. ఆమె ఊరు పేరు చెప్పి, “ఆ యమ్మ పోతా పోతా మన వాకిలికి దండం పెట్టి పోయింది, సూసినావా?” అంది. అతను చూడలేదు.

మరునాడు తెల్లవారగానే అంగడి ట్రాలీ ఆటో తీసుకుని మదనపల్లె వెళ్లి, పెయ్యను ఎక్కించుకుని బయలుదేరాడు. పలమనేరు దాటి, వెంకటగిరికోట దాటి, కుప్పం మీదుగా గుడుపల్లె వైపు. దారి పొడుగునా ఒకటే మాట నోట్లో నూరుకున్నాడు. పదిమందిలో అన్నాడు కాబట్టి పదిమందిలోనే చెప్పాలి. ఊరందరినీ పిలిచి, తప్పు నాది, ఈమె నిజం చెబితే దొంగని చేశాను అని ఆమె కాళ్లు పట్టుకోవాలి. అలా అనుకుంటే కాస్త ఊపిరి ఆడింది. ఆ తర్వాత తను మళ్లీ మనిషినవుతానని అనుకున్నాడు.

పల్లెలో ఆటో ఆగీ ఆగకముందే పెయ్య కిందికి దూకింది. ఎవరూ తోలకుండానే మూడిళ్లు దాటి, నాలుగో ఇంటి వంటింట్లోకి దూరింది. రామక్క మల్బరీ తోట నుంచి ఆకు మోపు నెత్తిన పెట్టుకుని వస్తోంది. వంటింట్లో గిన్నె దొర్లిన చప్పుడు విని, మోపు అక్కడే పడేసి పరిగెత్తింది. దాని మెడ పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. పెయ్య ఆమె మోచేయి నాకుతూనే ఉంది. మునిచంద్ర వాకిట్లో నిలబడి అది చూశాడు. అయిదు రోజులు ఈ రెండు ప్రాణాలనూ విడదీసింది తన శాలువా సరదానే కదా.

జనం చేరారు. పక్కింటి రెడ్డెప్ప అనే పెద్దాయన చేతులు పట్టుకుని, గుర్తు చెబితే జీవాన్ని అప్పగించే పుణ్యాత్ముడు పుంగనూరులో ఉన్నాడని విన్నామనీ, ఇంత దూరం తెచ్చివ్వడం మాత్రం ఎక్కడా వినలేదనీ అన్నాడు. మునిచంద్ర చేతులు విడిపించుకుని జోడించాడు.

“పుణ్యాత్ముణ్ణి కాదప్పా. నేను ఈ యమ్మను...”

రామక్క వంటింటి గడపలోంచే అందుకుంది.

“గుర్తు అడిగినాడు. చెప్పినా. నమ్మినాడు. దొరికినాక తెచ్చిస్తానని మాటిచ్చినాడు, తెచ్చినాడు.”

అతను మళ్లీ నోరు తెరిచాడు. ఆమె అతని వైపు ఒక్క చూపు చూసి, ఆకలి మీదున్నాడు, ముందు తిననీండని కోడలికి పురమాయించింది. పీట వేసి కూర్చోబెట్టారు. వేడి సంగటి, శనక్కాయల పచ్చడి, మీద నెయ్యి. అతను మొదటి ముద్దనే వేళ్లతో కెలుకుతూ కూర్చున్నాడు. మొహమాటం అనుకుని ఇంకో ముద్ద వేశారు.

బయలుదేరేటప్పుడు రామక్క ఒక్కతే ఆటో దాకా వచ్చింది. అతను ఆగలేకపోయాడు. నలుగురిలో అన్న మాట నలుగురిలో వెనక్కి తీసుకోనివ్వమని, లేకపోతే తనకు నిద్ర పట్టదని బతిమాలాడు. ఆమె చుట్టూ చూసి, గొంతు తగ్గించింది.

“ఈ వయసు దాకా మా ఊర్లో నేను మాట పడలేదప్పా. పెయ్య దొరకలేదని చెప్పినానే గానీ, నన్ను దొంగని తరిమినారని కోడలికి గూడా చెప్పలేదు. నువ్వు ఒప్పుకుంటే నీ బరువు దిగిపోతాది, నువ్వు పుంగనూరికి పోతావు. ఆ మాట మాత్రం ఈడ్నే, నా వాకిట్లో పడుంటాది.”

ఇంతలో రెడ్డెప్ప ఒక గుమ్మడికాయ చంకన పెట్టుకుని వచ్చాడు. ఊరి తరఫున అని దాన్ని ఆటోలో పెట్టి, వెనకే వచ్చిన పదిమందితో కలిసి, నీలాంటోళ్లు ఉండబట్టే వానలు పడతా ఉండాయని దండం పెట్టాడు. మునిచంద్ర రామక్క వైపు చూశాడు. తీసుకో అన్నట్టు ఆమె తలూపింది. అతను చేతులు ఎత్తి, ఆ దండాన్ని తీసుకున్నాడు.