జీపు ఇంజన్‌లో నా పొడి

మేస్త్రీ పోయాడని ఆళ్లగడ్డ నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను నంద్యాల కాలేజీలో పాఠం చెబుతున్నాను. సగంలో వదిలేసి బస్సెక్కాను. ఈ నాలుగు మాటలూ ఆయన బతికుండగా నలుగురిలో చెప్పాల్సింది. చెప్పలేదు, పిరికివాణ్ణి.

ఆయన జీపుల మెకానిక్. కొత్త ఆయిల్ పోసే ముందు రెండు చుక్కలు వేళ్ల మధ్య రుద్ది చూసేవాడు. అప్పట్లో నేను ఇంజన్ ఆయిల్‌లో కలిపే నానో పొడి మీద పని చేస్తున్నాను. కంటికి ఆనని రేణువులు, ఇంజన్ అరుగుదల తగ్గిస్తాయి. ముందు ఆయన డీజిల్ ఆటోలోనే పోశాం. పొగ తగ్గింది, చప్పుడు తగ్గింది.

"బాగుంది సార్. ఇది దినామూ తిరిగే బండి. నిలబడే బండికి మాత్రం పోయొద్దు, అడుక్కి దిగుతాది" అన్నాడు.

వింటేనా! చదువుకున్నవాణ్ణి కదా.

ముఠా పగలున్న ఒక పెద్దమనిషి జీపు సర్వీసుకొచ్చింది. ఎప్పుడు పారిపోవాల్సి వస్తుందోనని, మనుషులు దిగినా ఇంజన్ ఆపని బండి అది. ఇక పొడి అడుక్కెలా దిగుతుందిలే అనుకుని, మేస్త్రీ అన్నానికి వెళ్లినప్పుడు సీసా ఒంపేశాను. ఆ వారమే పెద్దమనిషి జైలుకు పోయాడు. జీపు రెండు నెలలు కదల్లేదు.

బెయిలు మీద వచ్చిన రోజే అహోబిలం దారిలో ఇంజన్ పట్టేసింది. వెంటాడుతున్నవాళ్లు బాంబులు వేశారు. పెద్దమనిషి తమ్ముడు ముక్కలైపోయాడు.

మర్నాడు జీపును లాక్కొచ్చి మేస్త్రీ చేతే విప్పించారు. ఆయిల్ జల్లెడ నిండా గడ్డకట్టిన నా పొడి.

"ఏందిరా ఇది? ఎవడు పోసినాడు?" పెద్దమనిషి అరిచాడు.

నేను అక్కడే ఉన్నాను. ఒక అడుగు వెనక్కి వేశాను. మేస్త్రీ నా మొహం చూశాడు.

"నేనే అప్పా. బాగుంటాదని పోసినా. ఆ సారుకేం తెల్దు, పంపీయండి."

"ఏ చేత్తో పోసినావ్?"

కుడిచెయ్యి బల్ల మీద పెట్టించి వేటకొడవలితో ఒక్క వేటు వేశారు. నెత్తురు నా చొక్కా మీద చిమ్మింది. అప్పుడు కూడా నిజం చెప్పలేదు, ఛీ!

ఆసుపత్రిలో కాళ్లు పట్టుకుంటే విసుక్కున్నాడు. "లెయ్ సార్. నువ్వు బయటోడివి, చెప్పింటే తలకాయే తీసేటోళ్లు. నాకు చెయ్యితో పోయింది. పొడి అడుక్కి దిగకుండా ఏమన్నా చెయ్, పో."

రేణువులకు పూత వేసి నిలపడానికి నాకు రెండేళ్లు పట్టింది. సీసా తీసుకెళితే నెల్లాళ్లు కదపకుండా కిటికీలో ఉంచి, అడుగు చూసి, "ఇప్పుడు పాసైనావ్" అని నవ్వాడు.

నేను వెళ్లేసరికి పాడె సిద్ధం చేస్తున్నారు. చేతి బొటనవేళ్లు రెండూ కలిపి కట్టడానికి ఒక పెద్దాయన దారం తెచ్చాడు. ఎడమ బొటనవేలికి చుట్టి ముడేశాడు. రెండో కొస పట్టుకుని అలాగే ఉండిపోయాడు.