క్వారీ గుంత అంచున అమ్మ

బీపీ తగ్గాలంటే రోజూ నడవమన్నారు డాక్టరు. ఈ ఉదయం దారిలో పాత క్వారీ గుంతలోని నీళ్ల పాచివాసన తగలగానే కాళ్లు ఆగిపోయాయి. కుప్పంలో నాతో చదివినవాళ్లకు ఆ గుంత గుర్తుండే ఉంటుంది.

నా ఏడో ఏట తమ్ముడు పుట్టగానే చనిపోయాడు. అమ్మ తిండి మానేసింది. ఆరుబయట నడిపిస్తే మనసు కుదుటపడుతుందని ఆసుపత్రి నర్సమ్మ చెబితే, నాన్న నన్ను తోడు పంపాడు. "చెయ్యి మాత్రం వదలద్దు పాపా" అన్నాడు.

ఒకరోజు అమ్మ ఆ గుంత అంచున నిలబడి నీళ్లనే చూస్తూ ఉండిపోయింది. నేను రెండు చేతులతో ఆమెను పట్టుకున్నాను.

"యాలమ్మా అంత గట్టిగా పట్టుకుంటాండావు?"

"భయంగా ఉండాదిమా."

నా ముఖంలోకి చూసి అమ్మ వెనక్కి తిరిగింది. "రేపట్నించి స్టేషన్ పక్క పోదాం" అంది.

నడిచి నడిచి అమ్మ కోలుకుంది. అయినా చాలాకాలం, ఆమె దారిలో ఎక్కడ ఆగినా నాకు గుండెదడ పుట్టేది.